చారల పువ్వు కథ: లాభం ఎవరిది, నష్టం ఎవరిది?

మొన్న ఒక వూళ్లో కూలి రేట్ల మీటింగు అయిపోయాక ఎరువుల కొట్టు అరుగు మీద కూర్చున్నాం. కొట్టు గోడకు ఒక క్యాలెండరు వేలాడుతున్నది. దాని మీద పాతకాలపు రంగుల చిత్రం ఒకటి అచ్చువేశారు. గాజు కూజాలో పూలు. అందులో ఒక పువ్వు అన్నిటికంటే ఎత్తుగా నిలబడి వుంది. తెల్లని రేకుల మీద ఎర్రని చారలు, మంట నాలుకలు చాపినట్టు. చామంతి తోటల్లో కోతకు పోయే ఒక అక్క దాన్నే చాలాసేపు చూసి, “అన్నా, ఇదేం పువ్వు? మన పక్క యాడా చూడలేదే. ఎంత ముచ్చటగా వుందో!” అన్నది.

“అక్కా, అది తులిప్ పువ్వు. హాలెండు దేశంలో పండిస్తారు. నువ్వు ముచ్చటపడే ఆ చారలున్నాయే, అవి రోగం” అన్నాను.

అందరూ నవ్వారు. నేను ఎగతాళికి అంటున్నాననుకున్నారు. “రోగమొచ్చిన పువ్వును ఎవరన్నా బొమ్మ గీసి పెట్టుకుంటారా?” అని కొట్టాయన గూడా అందుకున్నాడు. ఆ రాత్రి చివరి బస్సు ఆలస్యమైంది. కథ మొత్తం చెప్పాను. అంతా విన్నాక ఆ అక్కే అన్నది: “ఇది మన కథే గదన్నా. పేపర్లో రాయి.” అందుకే రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. మిగతాది సంఘం ఆఫీసులో దీపం కింద చదువుకున్నదే. కాబట్టి నాకు అర్థమైన మాటల్లోనే చెబుతాను.

పువ్వు మీద చారలు ఎట్లా వచ్చాయి?

తులిప్ మన ఉల్లిగడ్డలాంటి గడ్డ నుంచి మొలుస్తుంది. దాని పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. అక్కడి నుంచి తురుష్కుల తోటలకు, 16వ శతాబ్దం మధ్యలో యూరపుకు చేరింది. 1593లో క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయపు తోటకు పెద్దగా వచ్చాడు. తనతో తులిప్ గడ్డలు తెచ్చి నాటాడు. ఆ దేశపు ఇసుక నేలలు, చల్లని వాతావరణం తులిప్‌కు బాగా కుదిరాయి.

తోటల్లో ఒక వింత కనబడేది. నిరుడు నిండు ఎరుపు పూసిన గడ్డ, ఈ ఏడు ఉన్నట్టుండి తెలుపు మీద ఎర్ర చారలు పూసేది. “పువ్వు విరిగింది” అనేవారు అక్కడి జనం. ఎందుకు విరిగిందో ఎవరికీ తెలియదు. మట్టి మార్చారు, ఎరువు మార్చారు. రెండు రంగుల గడ్డలు సగం సగం కోసి కలిపి కట్టి నాటినవారు గూడా వున్నారు. ఒక్క సంగతి మాత్రం క్లూసియస్ అప్పుడే గమనించాడు. చారలు పడిన మొక్క ఆ తర్వాత బలంగా వుండదు, ఏటేటా క్షీణిస్తుంది.

అసలు సంగతి ఇది. తులిప్ రేకుకు అడుగున తెలుపో పసుపో రంగు వుంటుంది. దాని మీద ఎరుపు, వూదా రంగులు పూతలాగా ఎక్కుతాయి. మనం గోడకు ముందు సున్నం కొట్టి తర్వాత ఎర్రమన్ను పూసినట్టు అనుకోండి. మొక్కకు ఒక రకం వైరస్ సోకితే, పై రంగు తయారయ్యే పని కొన్నిచోట్ల ఆగిపోతుంది, కొన్నిచోట్ల ఎక్కువవుతుంది. రంగు తయారుకాని చోట అడుగున వున్న సున్నం కనబడుతుంది. మనం చార అంటున్నది దాన్నే. అడుగు రంగు తప్ప పై పూత లేని తెల్ల తులిప్‌కో, పచ్చ తులిప్‌కో అదే వైరస్ సోకినా చారలు రావు. మొక్క మాత్రం లోలోపల అట్లాగే కుంగిపోతుంది.

వైరస్ అంటే పురుగు కాదు, బూజు కాదు. మామూలు సూక్ష్మదర్శినిలో కంటికి ఆనదు. తనంతట తాను తినదు, పెరగదు. బతికున్న కణంలో దూరి, ఆ కణం చేతనే తనలాంటి వైరస్‌లను వేలకు వేలు తయారు చేయించుకుంటుంది. పని చేసేది కణం, పెరిగేది వైరస్. ఈ ముక్క చెబితే మన కూలీలకు ఇక వేరే వివరణ అక్కర్లేదు.

రోగమే కరువును పుట్టించింది

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. తులిప్‌ను విత్తనం నుంచి పెంచితే పువ్వు చూడడానికి ఆరేడేళ్లు పడుతుంది. కాబట్టి తోటవాళ్లు తల్లిగడ్డ పక్కన ఏటా వచ్చే పిల్లగడ్డలనే విడదీసి నాటుతారు. వైరస్ విత్తనం ద్వారా దిగదు, పిల్లగడ్డ ద్వారా దిగుతుంది. అంటే చారల పువ్వు కావాలంటే రోగపు గడ్డ పిల్లలనే నాటాలి. కాని రోగపు గడ్డ నీరసించి వుంటుంది. పిల్లలు తక్కువ పెడుతుంది, అవీ చిన్నవి. కొన్నేళ్లకు ఆ వంశమే అంతరించిపోతుంది.

చారల పువ్వు ఎంత అందంగా వుంటే, దాని గడ్డలు అంత అరుదు. అరుదైన కొద్దీ ధర పెరుగుతుంది. ధర పెంచిన పనితనమేమీ ఇందులో లేదు, మొక్క జబ్బుపడడమే ధర పెంచింది. రోగమే కరువును పుట్టించింది, కరువు లాభాన్ని పుట్టించింది.

సెంపర్ ఆగస్టస్ అనే రకం తెలుపు మీద ఎర్ర చారలది. మా క్యాలెండరు బొమ్మలో వున్నది అట్లాంటిదే. 1623 నాటికే దాని గడ్డ ఒక్కదానికి 1,000 గిల్డర్లు పలికింది. 1633 నాటికి 5,500. తర్వాత నాలుగేళ్లకు 10,000 దాకా అడిగారు. ఆ రోజుల్లో హాలెండులో పనితనం తెలిసిన చేతివృత్తివాడు ఏడాది పొడుగునా కష్టపడితే వచ్చేది దాదాపు 300 గిల్డర్లు. లెక్క వేసుకోండి. ఒక రోగపు గడ్డ ధరకు అతను 33 ఏళ్లు పని చేయాలి. అదే డబ్బుకు ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువ ఒడ్డున పెద్ద మేడ వచ్చేదట.

గాలి వ్యాపారం

తులిప్ ఏప్రిల్, మే నెలల్లో పూస్తుంది. జూన్‌లో గడ్డ తవ్వుతారు. చలికాలానికి ముందు మళ్లీ పాతుతారు. సరుకు చేతులు మారాలంటే గడ్డ నేలపైన వుండాలి, అది వేసవి నెలల్లో మాత్రమే. కాని వ్యాపారులు అన్నాళ్లు ఆగుతారా? గడ్డ భూమిలో వుండగానే కాగితం మీద అమ్మడం మొదలుపెట్టారు. “వచ్చే వేసవిలో గడ్డ ఇస్తాను, అప్పుడు డబ్బు ఇవ్వు” అని ఒప్పందం. ఆ కాగితాన్ని కొన్నవాడు ఇంకొకడికి, వాడు మరొకడికి అమ్మేవాడు. అమ్మినవాడి దగ్గర గడ్డ లేదు, కొన్నవాడి దగ్గర డబ్బు లేదు. సారాయి అంగళ్లలో కూర్చుని ఈ బేరాలు నడిపించారు. దీనికి అక్కడి జనమే పెట్టిన పేరు “గాలి వ్యాపారం”.

1636-37 చలికాలంలో ఇది తలకెక్కింది. అరుదైన చారల గడ్డలతో మొదలైన పిచ్చి, చివరికి మామూలు గడ్డలను గూడా బరువు లెక్కన కొనేదాకా పోయింది. 1637 ఫిబ్రవరి మొదటి వారంలో హార్లెం పట్టణంలో వేలం పాడితే కొనేవాడు లేకపోయాడు. ఆ మాట వూరూరా పాకింది. అదే వారం, ఫిబ్రవరి 5న అల్క్‌మార్ పట్టణంలో జరిగిన ఒక వేలంలో మాత్రం గడ్డలు దాదాపు 90,000 గిల్డర్లకు పోయాయి. అంత పెద్ద వేలం అదే ఆఖరు. కొద్ది రోజుల్లో ధరలు కుప్పకూలాయి. అంతకుముందు రెండేళ్లు అదే హార్లెంలో ప్లేగు జనాన్ని పీడించింది. ఒకవైపు శవాలు లేస్తుంటే, మరొకవైపు సారాయి అంగట్లో పూలగడ్డల బేరం!

ఒప్పందాల తగాదాలు ఏడాదికి పైగా నడిచాయి. చివరికి 1638 మే నెలలో హార్లెం పట్టణ పెద్దలు తీర్పు చెప్పారు. కొన్నవాడు ఒప్పుకున్న ధరలో నూటికి మూడున్నర వంతు కడితే చాలు, ఒప్పందం రద్దు అన్నారు. అంటే 1,000 గిల్డర్లు ఇస్తానని సంతకం పెట్టినవాడు 35 ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. మీరే ఆలోచించండి. మన కూలివాడు ఆసామి దగ్గర తెచ్చిన అప్పు నూటికి మూడున్నర కట్టి తెంపుకుంటానంటే ఏ పంచాయితీ అయినా ఒప్పుకున్నదా?

ముందస్తు వ్యాపారం ఆ కాలంతో పోలేదు. పసుపు మీద ఫ్యూచర్స్ వ్యాపారం నడుస్తున్న సంగతి నిజామాబాద్ రైతులకు తెలుసు. పసుపు తవ్వి, వుడకబెట్టి, ఎండబెట్టేవాళ్లు ఒకచోట వుంటారు. కొమ్ము ముట్టకుండా ధర మీద పందెం కట్టేవాళ్లు వేరేచోట వుంటారు.

నింద ఎవరి నెత్తిన పడింది?

బేరం కూలిన తర్వాత హాలెండులో ఎగతాళి కరపత్రాలు గుట్టలుగా అచ్చయ్యాయి. వాటిల్లో తిట్లన్నీ ఎవరికి? నేతగాళ్లకు, చిన్న చిన్న పనివాళ్లకు. “తాహతు తెలియక ఎగబడ్డారు, మునిగిపోయారు” అని. రెండు వందల ఏళ్ల తర్వాత, 1841లో చార్లెస్ మెకే అనే ఆయన ఇంగ్లీషులో పుస్తకం రాస్తూ దాన్నే ఇంకా పెంచాడు. పనిమనుషులు, పొగగొట్టాలు తుడిచేవాళ్లు గూడా తులిప్ పిచ్చిలో పడ్డారనీ, దేశపు వ్యాపారానికే గట్టి దెబ్బ తగిలిందనీ రాశాడు. ఈనాటికీ చాలామంది చెప్పుకునే కథ ఇదే.

ఆన్ గోల్డ్‌గార్ అనే చరిత్రకారిణి హాలెండు పట్టణాల పాత రికార్డులు తిరగేసి 2007లో ఒక పుస్తకం రాసింది. ఒప్పందాల్లో కనబడే పేర్లు ఎక్కువగా వర్తకులవీ, బాగా గడిచే వృత్తిదారులవీ. వాళ్లలో చాలామంది ఒకరికొకరు తెలిసినవాళ్లు, చుట్టాలు. పొగగొట్టాలు తుడిచేవాళ్ల జాడ లేదు. దేశం దివాలా తీసిన దాఖలా గూడా లేదు.

ఇది చిన్న విషయం కాదు. డబ్బున్నవాడు ఆడిన జూదానికి లేనివాడి ఆశను దోషిగా నిలబెట్టడం పాత అలవాటు. పత్తి పంట పోతే “రైతుకు అత్యాశ” అంటారు. కూలి పెంచమంటే “కూలోళ్లకు కొవ్వెక్కింది” అంటారు. నాలుగు వందల ఏళ్ల నాటి ఆ కరపత్రాల మాటలకూ వీటికీ ఏమన్నా తేడా వుందా?

ఇంగ్లండులో దీనికి భిన్నమైన కథ ఒకటి వుంది. ధరలు పడిపోయి, పెద్దింటివాళ్లకు మోజు తీరాక, ఉత్తర ఇంగ్లండులోని నేతగాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, గని కార్మికులు చారల తులిప్‌లను తమ పెరళ్లలో సాకారు. వేక్‌ఫీల్డ్ పట్టణంలో 1836లో పుట్టిన తులిప్ సంఘం ఈనాటికీ వుంది. ఏటా ప్రదర్శన పెడతారు. పూలను వెండి కూజాల్లో కాదు, బీరు సీసాల్లో నిలబెడతారు. పని గంటలు పోగా మిగిలిన పొద్దులో ఆ పూలను బతికించినవాళ్లు లాభం కోసం బతికించలేదు.

రోగం గుట్టు ఎట్లా తెలిసింది?

తులిప్ దేశంలోనే, డెల్ఫ్ట్ పట్టణంలో, 1898లో బైయెరింక్ అనే శాస్త్రజ్ఞుడు పొగాకు మొక్కకు వచ్చే మొజాయిక్ తెగులును పరీక్షించాడు. రోగపు ఆకుల రసాన్ని సూక్ష్మక్రిములు గూడా దాటలేనంత సన్నని వడపోత గుండా పోనిచ్చాడు. ఆ రసం తగిలిన మంచి మొక్కకు రోగం వచ్చింది. ఇది కొత్త జాతి రోగకారకమని చెప్పి, వైరస్ అనే మాట వాడాడు.

తులిప్ గుట్టు విప్పింది డొరొతీ కేలీ అనే మహిళ. లండన్ దగ్గర జాన్ ఇన్నెస్ సంస్థలో పనిచేసేది. చారల గడ్డ ముక్కను మంచి గడ్డకు అంటు కడితే మంచి గడ్డ గూడా చారలు పూస్తుందని 1928లో రుజువు చేసింది. తర్వాత కొద్ది ఏళ్లకే దీన్ని మోసుకుపోయేది పేనుబంక అని తేలింది. మూడు వందల ఏళ్లు గడ్డలు కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు, బొమ్మలు గీయించుకున్నవాళ్లు కనుక్కోలేని సంగతి ఇట్లా ఒక చిన్న అంటుతో బయటపడింది.

మన కడియం నర్సరీల్లో అంట్లు కట్టే అక్కచెల్లెళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. మీ చేతిలో వున్న పని ఒక శాస్త్ర సత్యాన్ని బయటపెట్టిన పని. జబ్బు కొమ్మతో అంటు కడితే జబ్బే పాకుతుందన్న హెచ్చరిక గూడా అందులోనే వుంది.

రోగం వెతికే కూలీలు

ఇప్పుడు హాలెండులో రోగపు చారల తులిప్‌ను తోటలో వుంచనివ్వరు. అంగట్లో దొరికే చారల తులిప్‌లు సంకరం చేసి తీసిన వేరే రకాలు, రోగం లేనివి. అక్కడి పూలగడ్డల తనిఖీ సంస్థ 1923లో పుట్టింది. రోగం ఎక్కువగా వున్న గడ్డల మడికి మార్కు తగ్గిస్తుంది, అమ్మకం కుదరదు. కాబట్టి ప్రతి వసంతంలో తోటల్లో ఒక ప్రత్యేకమైన పని వుంటుంది. వరస వరసా తిరిగి, లక్షల మొక్కల్లో జబ్బు మొక్కను గుర్తుపట్టి పీకేయడం. ఆ పని చేసేవారికి వాళ్ల భాషలో వున్న పేరుకు అర్థం “రోగం వెతికేవాడు”.

ఇది తేలికపాటి పని కాదు. ఆకు మీద సన్నని పేలవమైన గీత, రేకు అంచున చిన్న విరుపు, ఇంతే గుర్తు. పొద్దంతా వంగి చూడాలి. ఒక్క మొక్క తప్పిపోతే పేనుబంక దాన్ని చుట్టూ పంచుతుంది. ఈ కన్ను పుస్తకంతో రాదు. ఏళ్ల తరబడి చేల్లో తిరిగితే వస్తుంది.

2024 వసంతంలో అక్కడి నుంచి ఒక వార్త వచ్చింది. హాలెండు తోటల్లో 45 రోబో యంత్రాలు రాత్రింబగళ్లు తిరుగుతూ జబ్బు తులిప్‌లను కెమెరాలతో గుర్తుపట్టి అక్కడికక్కడే చంపుతున్నాయి. ఒక్కో యంత్రం ఖరీదు 1,85,000 యూరోలు. ఒక తోటలో యంత్రానికి ఒక పాత పనివాడి పేరే పెట్టారు. ఆయన 52 ఏళ్లు అదే పని చేసి రిటైరైనవాడు. యంత్రానికి బుద్ధి ఎక్కడి నుంచి వచ్చింది? ఏళ్ల తరబడి తోటల్లో తిరిగినవాళ్ల అనుభవాన్నే దానికి నూరిపోశామని తయారు చేసినవాళ్లే చెప్పారు.

యంత్రం వద్దని నేను అనడం లేదు. నడుములు విరిగే పని యంత్రం చేస్తే మంచిదే. నా ప్రశ్న వేరు. కార్మికుడి కన్ను 52 ఏళ్లలో నేర్చిన విద్య ఇప్పుడు ఎవరి ఆస్తి అయింది? పేరు మిగిలింది కార్మికుడిది, యంత్రం మిగిలింది యజమానిది.

అదే హాలెండులో గడ్డలు తవ్వే పనికి, ఒలిచే పనికి పోలెండు తదితర దేశాల నుంచి వలస కూలీలు వస్తారు. చాలామందికి పని ఇచ్చేదీ, తలదాచుకునే గది ఇచ్చేదీ ఒకే ఏజెన్సీ. పని పోతే గది గూడా పోతుంది. వలస కూలీల స్థితిగతులపై అక్కడి ప్రభుత్వం వేసిన కమిటీ 2020లో ఇచ్చిన నివేదికలో ఈ రెంటినీ విడదీయాలని చెప్పవలసి వచ్చింది. మన పాలమూరు వలస కూలీలకు మేస్త్రీ వేసే గుడిసె గుర్తుకు రావడం లేదూ?

మా అమ్మ చూసిన మొక్క

ఇక మన చేలకు వద్దాం. 2000 సంవత్సరం. నాకు ఇరవై ఏళ్లు. అనంతపురం జిల్లాలో మా ఇంటిల్లిపాదీ శనక్కాయ చేలల్లో కూలికి పోయేవాళ్లం. కలుపు తీస్తున్న మా అమ్మ ఒక సాలులో ఆగిపోయింది. “రేయ్, ఈ చెట్టు మొవ్వు చూడు, మాడిపోయింది. కాండం మీద నల్లగా చారలు దిగినాయి. ఇది మామూలు తెగులు కాదు” అన్నది. నాలుగు సాళ్ల అవతల ఇంకొకటి చూపించింది. ఆసామికి చెప్పింది. ఆయన “నీకేం తెలుసు లేవమ్మా” అన్నాడు.

వారం తిరిగేసరికి చేనంతా మాడు మొహం పెట్టింది. ఆసామి మందుల కొట్టుకు పరుగెత్తాడు. కొట్టాయన రెండు రకాలు కలిపి కొట్టమన్నాడు. ట్యాంకు నా వీపున ఎక్కింది. మూతికి గుడ్డ లేదు, చేతికి తొడుగు లేదు. మూడు రోజులు కొట్టాను. మూడో రోజు రాత్రి కళ్లు మండి, వాంతులై చాపలో పడుకున్నాను. చేను బతకలేదు. నెల కూలి అడగడానికి పోతే, “పంటే పోయింది, యాడ నుంచి తెచ్చియ్యాల?” అన్నాడు. ఆయన గూడా మునిగిన మాట నిజమే, అప్పులపాలైనాడు. కాని ఆయన నష్టం మా కూలి మీద దించుకున్నాడు. మా కూలి మేం ఎవరి మీద దించుకోవాలి? ఆ ఏడు మా అమ్మానాయన బెంగుళూరులో ఇటుకలు మోశారు.

అప్పుడు నాకు తెలియనిది తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ ఖరీఫ్‌లో ఒక్క అనంతపురం జిల్లాలోనే దాదాపు 2,25,000 హెక్టార్ల వేరుశనగ దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఇది పొగాకులో చారలు తెచ్చే టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. రోగం పుట్టిల్లు చేను కాదు, గట్టు. గట్ల మీద, బీళ్లలో పెరిగే వయ్యారిభామ కలుపు ఈ వైరస్‌ను తనలో దాచుకుంటుంది. పైకి జబ్బు కనిపించదు. దాని పుప్పొడి గాలికి లేచి శనగ ఆకుల మీద పడుతుంది. ఆకును గీకి తినే తామర పురుగులు ఆ పుప్పొడిలోని వైరస్‌ను ఆకు గాయాల్లోకి దించుతాయి. పొద్దుతిరుగుడుకూ, పూలతోటల్లోని బంతికీ గూడా ఈ వైరస్ సోకుతుంది.

వయ్యారిభామను మన దేశంలో 1950ల మధ్యలో పుణె దగ్గర గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందని చెబుతారు. కాంగ్రెస్ గడ్డి అని మనవాళ్లు పెట్టిన పేరు గూడా వుంది. దాన్ని వొట్టి చేతులతో పీకితే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, కొందరికి ఆయాసం వస్తుంది. ఇది కూలి చేసే ఆడవాళ్లందరికీ అనుభవమే.

మందు కొడితే వైరస్ చస్తుందా?

చావదు. ఈ మాట ప్రతి కూలీ, ప్రతి కౌలు రైతూ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వైరస్ సోకిన మొక్కను బాగుచేసే మందు చేనుకు కొట్టేదేదీ లేదు. కొట్టేది దాన్ని మోసే పురుగు మీద. అదీ అన్నిసార్లూ పనిచేయదు. తులిప్ వైరస్‌లాంటి వాటిని పేనుబంక ఒక్క కాటుతో, కొద్ది సెకన్లలో ఎక్కించుకుని, ఇంకో మొక్క మీద అంతే వేగంగా దించుతుంది. మందు పురుగును చంపేలోపే రోగం అంటుకుంటుంది. మన బొప్పాయి తోటలను నాశనం చేసే ఉంగరపు మచ్చ తెగులు ఈ కుటుంబానిదే.

అందుకే అన్ని వైరస్‌లకూ ఒకే పద్ధతి వుండదు. తులిప్‌లో జబ్బు మొక్కను పీకడం పని. వేరుశనగలో గట్టు మీది వయ్యారిభామను పూతకు రాకముందే తీయడం పని, చేను చుట్టూ జొన్నో సజ్జో సాళ్లుగా వేసి తామర పురుగును అడ్డుకోవడం పని. చామంతిలో పిలకలు తీసేటప్పుడు ఆరోగ్యంగా వున్న తల్లి మొక్కనే ఎంచుకోవడం పని, ఎందుకంటే తులిప్ పిల్లగడ్డలాగే జబ్బు పిలకలోకి దిగుతుంది. ఈ పనులన్నింటిలో ఒకటే సమానం. అన్నీ మనిషి కన్నుతో, మనిషి చేత్తో జరగవలసినవి. కాని డబ్బా మందు అమ్మితే కొట్టుకు లాభం. కన్ను పనికి, చేతి పనికి కూలి ఇవ్వాలి. ఆసామి డబ్బా వైపు మొగ్గడానికి కారణం ఇదే.

మనం ఏం అడగాలి?

ఒకటి. తొలకరికి వయ్యారిభామ పూతకు రాకముందే గట్లు, బీళ్లు, బాటల పక్కలు శుభ్రం చేయించాలి. ఒక్క ఆసామి తన గట్టు తీస్తే చాలదు, పుప్పొడికి సరిహద్దు రాళ్లు తెలియవు. వూరంతా ఒకేసారి చేయాలి. దానికి పంచాయతీ పూనుకోవాలి, పనికి కూలి కట్టాలి, చేతులకు తొడుగులివ్వాలి.

రెండు. మందు కొట్టే కూలీకి రక్షణ దుస్తులు ఇవ్వాలన్నది ఎవరి దయా కాదు. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో చేసిన నిబంధనల్లోనే మందు కొట్టేవారికి వైద్య పరీక్ష, రక్షణ దుస్తులు రాసిపెట్టి వున్నాయి. ట్యాంకు వీపున ఎత్తే ముందు అడగండి. ఒక్కడు అడిగితే తిడతారు, పదిమంది అడిగితే ఇస్తారు.

మూడు. పంట పోయినా చేసిన పనికి కూలి ఎగ్గొట్టడానికి వీల్లేదు. పంటకు బీమా అంటూ వస్తే అది సాగు చేసేవారి పేరున వస్తుంది. పోయిన పనిదినాలకు బీమా లేదు. పంట నష్టం లెక్కగట్టే అధికారి వూళ్లోకి వచ్చినప్పుడు చేనే కాదు, పని పోయిన ఇళ్లు గూడా లెక్క రాసుకోవాలని పట్టుబట్టాలి. కౌలు రైతు గూడా ఈ విషయంలో మన పక్కన నిలబడాల్సినవాడే.

నాలుగు. తెగులు మొదట కనబడేది కలుపు తీసే ఆడకూలీకి, పూలు కోసే ఆడకూలీకి. సాలు సాలూ, చెట్టు చెట్టూ చూసేది వాళ్లే. వ్యవసాయాధికారి చేను చూడడానికి వస్తే గట్టు మీద ఆసామితో మాట్లాడి వెళ్లిపోకూడదు, సాల్లో వున్న కూలీని అడగాలి. ఆమె చెప్పింది రాసుకోవాలి.

బస్సు వచ్చేముందు ఆ అక్క ఇంకోసారి క్యాలెండరు వైపు చూసింది. “అట్లయితే ఆ పువ్వును గీసినాయన పేరు వుంటుంది, కొన్నాయన పేరు వుంటుంది. ఆ గడ్డ నాటినోళ్ల పేరు యాడా వుండదు గదన్నా?” అన్నది.

వుండదక్కా. మా అమ్మ పేరు గూడా ఏ రికార్డులోనూ లేదు. 2000లో మా చేన్లో ఆ మొక్కను మొదట చూసింది ఆమే. ఈసారి మీలో ఎవరికన్నా అట్లాంటి మొక్క కనబడితే, ఒక్కరుగా ఆసామి దగ్గరికి పోకండి. గుంపుగా పోండి, సంఘానికి చెప్పండి, అధికారి చేత రాయించండి. ఎవరు చూశారో వాళ్ల పేరుతో సహా రాయించండి.